సైకిలు వ్యాయామానికి శ్వాసే కొలత

"అయ్యా! ఉదయపు నడక విసుగు పుట్టిస్తున్నది. ఇంట్లో పిల్లవాని సైకిలు ఊరికే పడి ఉన్నది. ఈ వయస్సులో నేను తొక్కవచ్చునా?"

ఈ ప్రశ్న ఇటీవల నా వద్దకు వచ్చేవారిలో చాలామంది అడుగుతున్నారు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వ్యాపారులు, పట్టుమగ్గం మీద జీవించే నేతన్నలు, అందరిదీ ఇదే సందేహం. తొక్కవచ్చును, తొక్కవలసినదే అని నా సమాధానం. అయితే ఎక్కడ, ఎంత, ఏ ఋతువులో, ఏమి తిని అనే నాలుగు సంగతులు తెలుసుకొని తొక్కాలి. అవి పుస్తకంలో చదివి కూడా పాటించక నేనే ఒకప్పుడు ప్రాణం మీదికి తెచ్చుకున్నాను. ముందు ఆ సంగతి చెప్పి, పిమ్మట హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు దారులను గురించి వ్రాస్తాను.

గురువుగారు చెప్పించిన పాఠం

పెనుకొండ కోట దిగువన ఒక మట్టిమిద్దె మా గురుకులం. ఉదయం శ్లోకాలు వల్లె వేయడం, మధ్యాహ్నం మందులు నూరడం, సాయంకాలం రోగుల ఇండ్లకు ఔషధాలు చేరవేయడం మా దినచర్య. గురువుగారికి ఒక పాత సైకిలు ఉండేది. క్యారియరుకు తైలపు సీసాల సంచి కట్టుకొని చుట్టుపక్కల ఊళ్ళన్నీ దాని మీదనే తిరిగేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై ఏండ్లు.

ఒక జ్యేష్ఠమాసంలో ధర్మవరంలోని రోగికి మందు ఇచ్చి రమ్మని పంపారు. "రాత్రికి అక్కడనే ఉండి, తెల్లవారుజామున బయలుదేరు నాయనా" అని మరీ మరీ చెప్పారు. పోయేటప్పుడు దారి మొత్తం మీద పల్లం. నైఋతి గాలి వెన్ను పట్టి తోసింది. ఎండ ముదరకముందే చేరాను. అదంతా నా కండబలమే అనుకున్నాను. రోగి ఇంట్లో కడుపునిండా భోజనం చేసి, గురువుగారి మాట పెడచెవిని పెట్టి, మధ్యాహ్నమే తిరుగుదారి పట్టాను.

ఇప్పుడు దారి ఎగువ, గాలి ఎదురు. చెన్నేకొత్తపల్లి దాటేసరికి రొప్పు మొదలైంది. ఎదురుగా నా ఈడు కుర్రవాళ్ళు సైకిళ్ళ మీద వస్తున్నారు. వారి ముందు రొప్పడం నామోషీ అనిపించి నోరు బిగించి ఊపిరి అణచుకొని తొక్కాను. కొంత దూరం పోయాక కళ్ళు చీకట్లు కమ్మాయి. ఒక చింతచెట్టు కింద పడిపోయాను. మేకలు కాచుకొనే ముసలాయన నీడకు చేర్చి, తన ముంతలోని మజ్జిగ కొంచెం కొంచెంగా త్రాగించాడు. రాత్రికి ఎడ్లబండి మీద ఇల్లు చేరాను.

గురువుగారు కోప్పడలేదు. మరునాడు పాఠంలో, వాగ్భటుడు చెప్పిన అధారణీయ వేగాలను, అనగా బలవంతంగా ఆపకూడని శరీర వేగాలను, వరుసగా చెప్పమన్నారు. అవి పదమూడు. అపానవాయువు, మలం, మూత్రం, తుమ్ము, దప్పిక, ఆకలి, నిద్ర, దగ్గు అని చెప్పుతూ వచ్చి, తరువాతి మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట 'శ్రమశ్వాస'. శ్రమ వల్ల పుట్టే రొప్పు. దానిని అణచిపెడితే గుల్మం, హృద్రోగం, సమ్మోహం కలుగుతాయని, దానికి విశ్రాంతి, వాతహరమైన ఉపచారం హితమని శాస్త్రం.

"చదివినది నోటికి వచ్చింది గాని ఊపిరికి రాలేదు నాయనా" అన్నారు గురువుగారు.

సగం శక్తి అంటే ఎంత?

వ్యాయామం వల్ల శరీరానికి లాఘవం, పని చేసే సామర్థ్యం, జఠరాగ్ని దీప్తి, మేదస్సు తగ్గుదల, అవయవాల పొందిక కలుగుతాయని అష్టాంగహృదయం చెప్పుతున్నది. బలం కలిగి, స్నిగ్ధాహారం తీసుకొనేవారు కూడా శీతకాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని, తక్కిన కాలాల్లో ఇంకా తగ్గించాలని అక్కడనే ఉన్నది. సగం శక్తికి గుర్తులను సుశ్రుతుడు మొదలైనవారు చెప్పారు: నుదుట, ముక్కుపైన, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పట్టడం, నోరు ఎండడం, నోటితో గాలి పీల్చవలసి రావడం. ఇవి కనబడగానే వేగం తగ్గించాలి.

నేటి వైద్యులు చెప్పే పరీక్ష కూడా దీనికి దగ్గరగానే ఉన్నది. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మధ్యస్థమైన శ్రమ. పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల అటువంటి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు తొక్కితే ఆ కనీసపు లెక్క సరిపోతుంది.

సైకిలు తొక్కేవారు ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. అది కూడా మా గురువుగారిదే. "పోవడానికి సగం, రావడానికి సగం కాదు నాయనా. పోను, రాను రెండూ కలిపి సగం." నడిచేవాడు అలసితే ఇంటికి దగ్గరలోనే ఉంటాడు. సైకిలు మనిషిని తెలియకుండానే దూరం తీసుకుపోతుంది.

మన ప్రాంతపు దారులు

ఈ సూత్రం మన ప్రాంతంలో మరింత అవసరం. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉన్నది. ధర్మవరం సుమారు 350 మీటర్లే. మధ్యలో ఎన్ని మిట్టలున్నా, ఉత్తరంగా పోయేవారికి మొత్తం మీద దిగువ, దక్షిణంగా వచ్చేవారికి ఎగువ. జూన్ నుండి ఆగస్టు దాకా నైఋతి గాలి కూడా ఇదే లెక్కన ఒకసారి సాయపడి ఒకసారి అడ్డుపడుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి హిందూపురం నుండి లేపాక్షి దారి మంచిది. సుమారు 15 కిలోమీటర్లు. తొలి నెలలో సగం దూరం పోయి తిరిగి రావాలి. అలవాటైన పిమ్మట ఏకశిలా నంది వద్ద దిగి, వీరభద్రాలయ మండపపు నీడలో అరగంట కూర్చొని రావచ్చును. ఆ విశ్రాంతి కూడా వ్యాయామంలో భాగమే.

నదీలోయ చూడదలచినవారు హిందూపురం నుండి పరిగి వైపు పోవచ్చును. నందికొండల ప్రాంతంలో పుట్టిన పెన్నలో జయమంగళి కలిసేది ఆ ప్రాంతంలోనే. పెన్న ఏడాదిలో అధికభాగం ఇసుకగానే కనిపిస్తుంది. ఏటిలో నీరు దొరుకుతుందనుకొని ఎవరూ పోరాదు, సీసాతో వెంట తీసుకుపోవాలి.

బాగా అలవాటుపడినవారికి హిందూపురం నుండి సోమందేపల్లి మీదుగా పెనుకొండ, దాదాపు 40 కిలోమీటర్లు. సోమందేపల్లి దాటాక 44వ నంబరు జాతీయ రహదారి. లారీల రద్దీ ఎక్కువ కనుక తెల్లవారిన తరువాతనే, అంచు వెంబడి పోవాలి. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు పెనుకొండ. గగనమహల్ దాకా సైకిలు మీద పోవచ్చును గాని, కోట కొండను కాలినడకన, వేరొక రోజున ఎక్కడం మంచిది. రెండు శ్రమలు ఒకే దినాన కూడవు. రాకకు రైలు ఉన్నది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలుమార్గం మీద ఉన్నాయి. సైకిలును వెంట తెచ్చుకొనే పద్ధతి ముందే స్టేషనులో విచారించుకోండి. పోను సైకిలు, రాను రైలు అనుకొంటే వయస్సు మళ్ళినవారికి కూడా లెక్క తప్పదు.

చిత్రావతి లోయలో కొత్తచెరువు, బుక్కపట్నం, పుట్టపర్తి దారి మనోహరంగా ఉంటుంది. వానలు బాగా కురిసిన ఏడాది బుక్కపట్నం చెరువు నిండి ఉంటే, ఆ ఒడ్డున కార్తీకమాసపు ఉదయాన తొక్కడం మనస్సుకు కూడా ఔషధమే.

ఒక నేతన్న అనుభవం

ధర్మవరంలో మగ్గం గుంటలో దినమంతా కాళ్ళు దించి కూర్చొని నేసే ఒక గృహస్థు, యాభై దాటినవాడు, నడుము బిగుసుకుపోయి, మోకాళ్ళు పట్టేసి నా వద్దకు వచ్చాడు. నడిస్తే మోకాలు నొప్పి, నడవకపోతే బిగువు. సైకిలు మీద దేహభారం చాలావరకు సీటుకు పోతుంది కనుక మోకాలికి నడకకంటె ఒత్తిడి తక్కువ. నూనె రాసుకొని ఆరిన పిమ్మట రోజూ పావుగంట మాత్రం ఊరి బయట సమతలమైన దారిలో తొక్కమన్నాను. రెండు వారాలు బాగున్నది. ఆ ఉత్సాహంలో ఒకనాడు చెప్పకుండా చాలా దూరం పోయి, మోకాలు వాచి, మగ్గం నాలుగు దినాలు ఆగిపోయింది. నేతవానికి మగ్గం ఆగితే పొయ్యి ఆగినట్లే. నా కథ ఆయనకు చెప్పాను. ఆనాటి నుండి పావుగంట దాటలేదు. నెలకు ఐదు నిమిషాలు పెంచుకుంటూ పోయాడు. సంవత్సరానికి నొప్పి పూర్తిగా పోలేదు గాని, గుంటలో నుండి చేయూత లేకుండా లేస్తున్నాడు. నాకది చాలు.

ఇంటిలో చేసుకొనదగిన ఉపచారాలు

బయలుదేరే ముందు: నువ్వులనూనె గోరువెచ్చగా చేసి మోకాళ్ళు, పిక్కలు, నడుము, అరికాళ్ళకు మర్దించవలెను. ఖాళీ కడుపుతో గాని, నిండు కడుపుతో గాని పోరాదు. పలుచని రాగి అంబలి ఒక గ్లాసు చాలును.

దారిలో: పలుచని మజ్జిగలో అల్లం రసం, కరివేపాకు, కొద్దిగా సైంధవలవణం కలిపి గుక్కలు గుక్కలుగా త్రాగవలెను. దూరం పోయేవారు వేరుశనగ, బెల్లం కలిపిన ఉండలు రెండు ఉంచుకొనవలెను.

ఎండదెబ్బ తగలకుండా: నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి వడకట్టి, తగినంత బెల్లం, చిటికెడు మిరియాలపొడి, ఏలకులపొడి కలిపి పానకం చేసుకొనవలెను. చింతపండు, బెల్లం రెండింటికీ హిందూపురం బజారు పేరుపొందినదే గదా! మధుమేహం ఉన్నవారికి ఇది పనికిరాదు, వారు మజ్జిగే త్రాగాలి.

వచ్చిన పిమ్మట: చెమట ఆరేదాకా స్నానం చేయరాదు. వావిలాకు వేసి కాచిన వేడినీళ్ళతో కాళ్ళకు కాపడం పెట్టుకొంటే పిక్కల పట్టు సడలుతుంది. తొడలు ఒరుసుకుపోతే కొబ్బరినూనె రాయవలెను.

సీటు ఎత్తు: మడమ పెడలుపై ఉంచి కిందికి తొక్కినప్పుడు కాలు చాచుకోవాలి. సీటు తక్కువైతే మోకాలికి చేటు.

జాగ్రత్తలు

గ్రీష్మంలో ఈ వ్యాయామం బాగా తగ్గించాలి. తొక్కితీరాలనుకొనేవారు సూర్యోదయానికి ఒక గంటలోగా ముగించాలి. జ్వరం, అజీర్ణం ఉన్న దినాన తొక్కరాదు. గుండెజబ్బు, రక్తపుపోటు, ఆయాసం ఉన్నవారు వైద్యుని అనుమతి లేక మొదలుపెట్టరాదు. మధుమేహానికి మందు, ఇన్సులిన్ తీసుకొనేవారు చక్కెర జేబులో ఉంచుకోవాలి. ఛాతీలో బిగువు, ఎడమచేతికి లాగుడు, చల్లని చెమట కనిపిస్తే గృహవైద్యాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి పోవాలి.

నాకిప్పుడు అరవై దాటాయి. నేటికీ సైకిలు తొక్కుతూనే ఉన్నాను. ఎగువ వస్తే దిగి నడిపించుకుంటాను. యువకులు దాటిపోతూ "తాతా, ఎక్కలేవా?" అంటారు. ఎక్కగలను. కాని రేపు కూడా తొక్కవలసి ఉన్నది గనుక దిగుతాను.