కొలతను నమ్మేదెలా?

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లోని ఇంజనీరింగ్ పరిశ్రమల్లో లేతు మీద తయారయ్యే ఇరుసు మందాన్ని మిల్లీమీటరులో వందో వంతు వరకు సరిచూస్తారు. ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థలో దేశపటాలకు ఆధారమయ్యే దూరాలనూ ఎత్తులనూ కొలవడం నేర్పుతారు. ఉప్పల్ రోడ్డులో ఉన్న, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ భూమి గురుత్వ, అయస్కాంత క్షేత్రాల్లోని స్వల్పమైన తేడాలను పరిశీలిస్తుంది. కొలిచే వస్తువులు ఎంత వేరైనా, వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే పదాలు మూడు చోట్లా ఒకటే.

ఒక పరికరం విడిగా చూపగలిగే అతి చిన్న విలువను కనీసపు కొలత అంటారు. మైక్రోమీటరులోని మర ఒక చుట్టుకు అర మిల్లీమీటరు జరిగి, దాని గుండ్రని స్కేలు మీద 50 గీతలు ఉంటే, ఒక్కో గీత 0.01 మిల్లీమీటరు అవుతుంది. వర్క్‌షాపుల్లో విరివిగా వాడే వెర్నియర్ కాలిపర్స్‌లో ఇది సాధారణంగా 0.02 మిల్లీమీటరు. అయితే సన్నని గీతలున్నంత మాత్రాన కొలత నిజమైపోదు. అసలు 25.00 మిల్లీమీటర్ల ఇరుసును మూడుసార్లు కొలిచినా 25.04 వస్తే, ఆ రీడింగులు ఒకదానితో ఒకటి ఏకీభవించాయి కనుక వాటికి పునరావృత్తి ఉంది, కానీ నిజ విలువకు దూరంగా ఉన్నాయి కనుక యథార్థత లేదు. దవడలు పూర్తిగా మూసినప్పుడు సున్న చూపాల్సిన చోట మరో అంకె చూపడం, అంటే శూన్యాంశ దోషం, ఇలాంటి తేడాకు తరచుగా కనిపించే కారణం. ఎన్నిసార్లు కొలిచి సరాసరి తీసినా ఇది పోదు, దాన్ని గుర్తించి తీసివేయవలసిందే.

దోషాన్ని గుర్తించాలంటే అంతకంటే నమ్మకమైన ప్రమాణంతో పరికరాన్ని పోల్చాలి. ఈ పోలికే కాలిబ్రేషన్. మైక్రోమీటరును కచ్చితమైన మందంతో చేసిన దిమ్మెలైన స్లిప్ గేజీలతోనూ, ఆ గేజీలను మరింత ఉన్నతమైన ప్రయోగశాలలోనూ సరిచూస్తూ పోతే, ఆ వరుస ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కాపాడే జాతీయ ప్రమాణాల దాకా, అక్కడినుంచి 1983లో కాంతి వేగం ఆధారంగా నిర్వచించిన మీటరు దాకా చేరుతుంది. ఈ వరుసలో ఎక్కడా తెంపు లేకపోవడాన్నే ట్రేసబిలిటీ అంటారు.

వేడి కూడా కొలతను మారుస్తుంది. పొడవు కొలతలకు అంతర్జాతీయంగా అంగీకరించిన ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. వేసవిలో 40 డిగ్రీలకు చేరిన 100 మిల్లీమీటర్ల ఉక్కు ముక్క సుమారు 0.023 మిల్లీమీటరు సాగుతుంది. ముక్కా పరికరమూ రెండూ ఉక్కువై, ఒకే వేడిలో ఉంటే ఈ తేడా చాలావరకు రద్దవుతుంది కానీ, యంత్రం మీదనుంచి అప్పుడే తీసిన ముక్కను కొలిస్తే రద్దు కాదు. 1802లో మద్రాసు దగ్గర సర్వే కోసం ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచిన సర్వేయరు విలియం లాంబ్టన్ కూడా ఉష్ణమాపకాలను చూసి వేడికి తగిన సవరణ చేశారు.

ఇన్ని సవరణల తర్వాతా మిగిలే సందేహపు హద్దును అనిశ్చితి అంటారు. డ్రాయింగు 25.02 వరకే అనుమతించినప్పుడు, రీడింగు సరిగ్గా 25.02 వచ్చి, అనిశ్చితి 0.005 ఉంటే, ఆ ఇరుసు హద్దులోనే ఉందని ఎవరూ ధ్రువీకరించలేరు. అందువల్ల అంకెతోపాటు దాని అనిశ్చితినీ నిజాయితీగా రాసిపెట్టే కార్మికుడి పని, సర్వేయరు పని, శాస్త్రవేత్త పని సమానంగా గౌరవించదగినవి.