త్రీ నాట్ త్రీ ఒంటి మీది రాతలు

పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ చేతికొస్తే ముందు బోల్టు వెనక్కి లాగి, మ్యాగజైన్ ఊడదీసి, లోపల తూటా లేదని వేలితో తడిమి చూసుకోవాలి. ఆ తరవాతే వయసు సంగతి. బోల్టు పిడి వెనకాల, చెక్క బట్టు వచ్చి ఉక్కులో దూరే చోట వెడల్పాటి పట్టీ ఒకటి ఉంటుంది. దాని కుడి పక్కన పేరుకున్న జిడ్డుని నూనె గుడ్డతో తుడిస్తే వరసగా రాతలు తేలతాయి. పైన కిరీటం, కింద రాజుగారి పొడి అక్షరాలు, ఆ కింద కార్ఖానా పేరు, సంవత్సరం, అడుగున మోడల్. చాలామంది ఆ సంవత్సరం చదివి తుపాకీ వయసు తేలిపోయిందనుకుంటారు. నిజానికి చిక్కు మొదలయ్యేది అక్కడే.

మన పోలీసు స్టేషన్లలో సెంట్రీల భుజాన తరాల తరబడి వేలాడిన ‘త్రీ నాట్ త్రీ’ ఇదే. దీని అసలు కర్త జేమ్స్ పారిస్ లీ. స్కాట్లాండులో 1831లో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో స్థిరపడ్డాడు. తూటాలు నింపిన పెట్టెను బోల్టు కింద తగిలించి, అవసరమైతే ఊడదీసే ఏర్పాటుకు 1879లో పేటెంటు పొందాడు. ఆయన బోల్టు ముందువైపు కాకుండా వెనకవైపు బిగుసుకుంటుంది. అందువల్ల లాగాల్సిన దూరం తక్కువ, కాల్చే వేగం ఎక్కువ.

బ్రిటిష్ సైన్యం 1888లో ఈ యంత్రాన్ని తీసుకుని, విలియం మెట్‌ఫర్డ్ రూపొందించిన బ్యారెల్‌కు జతచేసింది. తూటాను గిర్రున తిప్పడానికి ఆ గొట్టంలో ఏడు గాడులు ఉండేవి. లోతు తక్కువ, అంచులు గుండ్రం. నల్ల తుపాకీమందు మసి పట్టకుండా ఉండాలన్నది వాటి వెనక ఆలోచన. తీరా కార్డైట్ అనే పొగలేని మందు వచ్చేసరికి లెక్క తప్పింది. ఆ మందు వేడికి లోతులేని గాడులు తొందరగా అరిగిపోయాయి. లండన్ శివార్లలోని ఎన్‌ఫీల్డ్ కార్ఖానా వాళ్లు నిలువు అంచులతో, కాస్త లోతుగా అయిదు గాడులు కోసి 1895లో కొత్త బ్యారెల్ తెచ్చారు. లీ పేరు పక్కన మెట్‌ఫర్డ్ పోయి ఎన్‌ఫీల్డ్ చేరింది. బ్యారెల్‌లోకి వెలుతురు పంపి లెక్కపెట్టి చూడండి. ఏడుంటే మెట్‌ఫర్డ్ బ్యారెల్, అయిదుంటే ఎన్‌ఫీల్డ్. రెండే కనిపిస్తే రెండో ప్రపంచ యుద్ధంలో పని తొందర్లో కోసిన బ్యారెల్ అని అర్థం.

బోయర్ యుద్ధం తరవాత కాల్బలానికొకటి, గుర్రపు దళానికొకటి అనే పద్ధతి వదిలేసి, 1903 నుంచి అందరికీ ఒకే పొట్టి రైఫిల్ ఇచ్చారు. అందులో పేరు తెచ్చుకున్నది 1907 నాటి మార్క్ 3. దాని మ్యాగజైన్ మీద కట్-ఆఫ్ అనే సన్నని ఉక్కు పలక ఉండేది. దాన్ని లోపలికి తోస్తే మ్యాగజైన్ మూసుకుపోతుంది, సిపాయి ఒక్కో తూటా చేత్తో పెట్టుకుని కాల్చాలి. పది తూటాల పెట్టె కనిపెట్టడం ఒక ఎత్తు, సిపాయి దాన్ని దుబారా చేస్తాడన్న భయంతో మూత పెట్టడం ఇంకో ఎత్తు! మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, వేలకు వేలు తుపాకులు కావలసివచ్చినప్పుడు ఆ పలకనూ, గుంపుగా దూరానికి కాల్చడానికి పక్కన పెట్టిన గురి సాధనాన్నీ తీసేశారు. అలా వచ్చినదే మార్క్ 3 పక్కన చుక్క గుర్తున్న మోడల్.

ఇక ఆ సంవత్సరం సంగతి. పట్టీ మీద ఉన్నది రిసీవర్, అంటే బోల్టు కదిలే ఉక్కు భాగం, పుట్టిన ఏడాది మాత్రమే. చెక్క విరిగితే మార్చారు, బ్యారెల్ అరిగితే మార్చారు, బోల్టు పోతే వేరేది వేశారు. ఎఫ్.టి.ఆర్. అన్న అక్షరాలు, వాటి పక్కన ఏదైనా సంవత్సరం కనిపిస్తే, అప్పుడు కార్ఖానాలో మొత్తం విప్పి బాగుచేశారన్నమాట. సీరియల్ నంబరు ఒక్కచోటే ఉండదు. రిసీవర్ మీద, బ్యారెల్ మీద, బోల్టు పిడి వెనక, మూతి దగ్గరి ఉక్కు తొడుగు మీద వెతకాలి. అన్నీ ఒకటే అయితే అదృష్టం. బోల్టు నంబరు వేరైతే అది చరిత్ర సమస్య ఒక్కటే కాదు. బోల్టు తలకీ తూటా మడమకీ మధ్య సందు సరిగ్గా ఉందో లేదో ఆర్మరర్ కొలవకుండా దాన్ని కాల్చకూడదు. నంబరు ఒక్కదాన్ని పట్టుకుని వయసు చెప్పడం కూడా కుదరదు, ఎందుకంటే ఏ కార్ఖానా వరస దానిదే.

రాతలు అబద్ధమాడే చోటు కూడా ఒకటుంది. పెషావర్ దగ్గరి దర్రా ఆదంఖేల్‌లో కమ్మరులు ఈ రైఫిళ్లను చేత్తో నకలు తీసేవారు. ముద్రలతో సహా. ఇంగ్లిషు రాని చేతులు చెక్కిన ‘ఎన్’ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. కొన్నిటి మీద విక్టోరియా రాణి అక్షరాలు ‘వి.ఆర్.’, వాటి కిందే మొదటి ప్రపంచ యుద్ధం నాటి సంవత్సరం. రాణి 1901లోనే పోయింది. పొట్టి రైఫిల్ పుట్టిందే ఆ తరవాత. పనితనం మెచ్చుకోవచ్చు గానీ, ఆ ఉక్కును నమ్మి తూటా పెట్టకూడదు.

మన దగ్గర తిరిగినవాటిలో ఎక్కువగా కనిపించేవి కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ కార్ఖానావి. బ్రిటిష్ కాలపు వాటి మీద కిరీటం, ‘జి.ఆర్.ఐ.’ అక్షరాలు ఉంటాయి. గణతంత్రం వచ్చాక కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు చేరాయి. గొట్టంలో గాడులే కనిపించక, నున్నగా ఉంటే అది పోలీసుల కోసం, కాపలాదారుల కోసం మార్చిన 410 మస్కెట్ కావచ్చు. దొంగల చేతిలో పడినా సైనిక తూటా అందులో పనికిరాకుండా చేసిన ఏర్పాటది. 1962 చైనా యుద్ధం తరవాత ఇదే నమూనాను మంచి ఉక్కుతో, 7.62 తూటాకు, పన్నెండు పట్టే చదరపు మ్యాగజైన్‌తో మళ్లీ చేశారు. అవి 2ఎ, 2ఎ1. వెనక గురి పలక మీద 2000 దాకా అంకెలుంటే 2ఎ, 800 దగ్గర ఆగితే 2ఎ1. ఇక పాత త్రీ నాట్ త్రీకి ఉత్తరప్రదేశ్ పోలీసులు వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినాన.

పౌరుల చేతికి .303 దొరకదు, అది ప్రొహిబిటెడ్ బోర్. లైసెన్సు మీద దొరికేది ఇషాపూర్‌లోనే తయారయ్యే .315 స్పోర్టింగ్ రైఫిల్. బోల్టు మాత్రం లీ గారిదే. అలాంటిది ఇంట్లో ఉంటే దాని మీది నంబరు, లైసెన్సులో రాసిన నంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి. 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఆ గుర్తుల్ని చెరపడం, మార్చడం నేరం. తుప్పు వదిలించి కొత్తగా మెరిపిస్తామని ఎమరీ పేపరూ బఫింగ్ చక్రమూ పట్టుకొచ్చే మెకానిక్కుకు ముందుగానే ఈ మాట చెప్పి, ముద్రలున్న చోటు ముట్టుకోనివ్వకండి.