తెర వెలగకముందు వినిపించే కూత

పర్సనల్ కంప్యూటర్ బటన్ నొక్కాక తెర మీద మొదటి అక్షరం పడేలోపు లోపల ఒక పరీక్ష జరుగుతుంది. ప్రాసెసర్, మెమరీ, డిస్‌ప్లే, కీబోర్డు, డిస్కు ఒకదాని తరువాత ఒకటి తనిఖీ అవుతాయి. దీన్ని పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్ అంటారు, పొట్టిగా పోస్ట్. అన్నీ సరిగ్గా ఉంటే పాత యంత్రాలు ఒక్క పొట్టి బీప్ వేసి పనిలోకి దిగేవి. ఏదైనా తేడా వస్తే బీప్‌ల సంఖ్య, నిడివి మారతాయి. లేదా తెర మీద ఒక అంకె, ఒక వాక్యం కనబడుతుంది. ఆ కూత పాడైన భాగం ఇదేనని ఖాయంగా చెప్పదు. పరీక్ష ఎంతవరకు వచ్చి ఆగిందో మాత్రమే చెబుతుంది. మిగతాది యంత్రం ఉన్న చోటును బట్టి, అక్కడి గాలిని, కరెంటును బట్టి మనిషి తేల్చుకోవాలి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో ఈ తేడా తెలియక బాగున్న మదర్‌బోర్డులు పాత సామానులోకి పోయే ప్రమాదం ఎక్కువ.

ఈ కూతల చరిత్ర 1981 ఆగస్టు 12న మొదలవుతుంది. ఐబీఎం తన పీసీ 5150ని ఆ రోజు ప్రకటించింది. యంత్రాన్ని మొదలుపెట్టే బయోస్ అనే 8 కిలోబైట్ల ప్రోగ్రామును అందులో రాసిన ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి యంత్రాన్ని తిరిగి మొదలుపెట్టే పద్ధతి కూడా ఆయనదే. ఆ బయోస్ ప్రోగ్రామును వరుస వరుసగా ఐబీఎం తన టెక్నికల్ మాన్యువల్‌లో అచ్చువేసింది. ఒక కంపెనీ తన యంత్రం గుట్టును అలా బయటపెట్టడం మెచ్చుకోదగ్గ పని. పరీక్ష ఏ క్రమంలో సాగుతుందో ప్రపంచమంతటా మెకానిక్కులకు తెలిసింది అందువల్లే.

కరెంటు అందగానే 8088 ప్రాసెసర్ ఒక మెగాబైట్ పరిధిలో చిట్టచివరి 16 బైట్ల దగ్గర మొదటి ఆదేశం కోసం చూస్తుంది. అక్కడినుంచి బయోస్‌లోకి దూకుతుంది. మొదట తన రిజిస్టర్లు తానే పరీక్షించుకుంటుంది. తరువాత బయోస్ చిప్‌లోని బైట్లన్నీ కూడి, మొత్తం సరిపోయిందో లేదో చూస్తుంది. ఆపైన టైమర్, డీఎంఏ చిప్, మొదటి 16 కిలోబైట్ల మెమరీ వంతు. డిస్‌ప్లే కార్డు వంతు వీటన్నిటి తరువాతే వస్తుంది. కాబట్టి అంతకుముందు దొరికిన తప్పును తెర మీద చెప్పే వీలే లేదు. ఆ లోటు తీర్చడానికే స్పీకరు. ప్రాసెసర్ పరీక్షే తప్పితే యంత్రం కూత కూడా వేయకుండా ఆగిపోతుంది. అందువల్ల నిశ్శబ్దాన్ని కూడా ఒక సూచనగానే లెక్కించాలి.

శబ్దం పుట్టే ఏర్పాటు చాలా సాదా. ఇంటెల్ 8253 టైమర్‌కు సెకనుకు 11,93,182 స్పందనలు అందుతాయి. బీప్ కోసం బ్రాడ్లీ ప్రోగ్రాము ఆ సంఖ్యను 1331తో భాగించమంటుంది. ఫలితం సుమారు 896 హెర్ట్జ్. పక్కనే రాసిన వ్యాఖ్యలో 1000 హెర్ట్జ్ అని ఉంది గాని, చెవిన పడేది 896 మాత్రమే. ఈ శబ్దానికి సౌండ్ కార్డు అక్కర్లేదు, డ్రైవరు అక్కర్లేదు, మెమరీ అంతా బాగుండాలన్న నియమమూ లేదు.

ఐబీఎం పెట్టిన సంకేతాలు కొద్దిపాటివే. ఒక పొట్టి కూత అయితే అంతా బాగున్నట్టు. ఒక పొడుగు, ఒక పొట్టి వస్తే సిస్టమ్ బోర్డు, అంటే మదర్‌బోర్డు. ఒక పొడుగు, రెండు పొట్టి వస్తే డిస్‌ప్లే కార్డు. ఆగకుండా మోగుతుంటే పవర్ సప్లై. తెర వెలిగాక అంకెలు వస్తాయి: 201 అంటే మెమరీ, 301 అంటే కీబోర్డు, 601 అంటే ఫ్లాపీ డ్రైవు.

ఆ తరువాత నకలు యంత్రాలు వచ్చాయి, కూతల దారులు కూడా చీలాయి. కాంపాక్ కంపెనీ ఐబీఎం రాతను చూడని ఇంజనీర్లతో సొంత బయోస్ రాయించింది. ఫీనిక్స్ కంపెనీ 1984లో అలాంటి బయోస్‌నే ఎవరు కొనుక్కుంటే వారికి అమ్మడం మొదలుపెట్టింది. 1985లో సుబ్రమణియన్ శంకర్, పాట్ శర్మ కలిసి అమెరికాలో అమెరికన్ మెగాట్రెండ్స్‌ను స్థాపించారు. ఏఎంఐ బయోస్ వారిదే. అవార్డ్ అనేది నాలుగోది. అది 1998లో ఫీనిక్స్‌లో కలిసిపోయింది. ఎవరి పట్టిక వారిదే. ఏఎంఐ పట్టికలో ఒక కూత మెమరీ రిఫ్రెష్ తప్పిందని, మూడు కూతలు మొదటి 64 కిలోబైట్లు చెడ్డాయని, ఎనిమిది కూతలు డిస్‌ప్లే మెమరీ అందలేదని చెబుతాయి. ఫీనిక్స్ కూతలు విడివిడి గుంపులుగా వస్తాయి: ఒకటి, కాస్త ఆగి మూడు, ఆగి ఒకటి, ఆగి ఒకటి. ఐబీఎంలో శుభసూచకమైన ఒక్క కూతే ఏఎంఐలో తప్పు కావచ్చు. తెర వెలిగిందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. బయోస్ ఎవరిదో తెలుసుకోకుండా కూతలు లెక్కపెట్టడం వృథా.

తెలుగు నాట ఈ కూతలు పల్లె, పట్నం తేడా లేకుండా వినబడడానికి కొంత కాలం పట్టింది. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడి కంప్యూటర్లు తయారుచేసినా అవి పరిశోధన సంస్థలకు, పెద్ద కార్యాలయాలకే పరిమితం. 1984 కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించాక విడిభాగాలు కొని కూర్చే అసెంబుల్డ్ పీసీలకు దారి ఏర్పడింది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వాటికి పేరుపడ్డ చోటు. 1998 నవంబరు 4న కార్డ్ పథకం కింద అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలు కంప్యూటర్లకు మారాయి. 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఏసీ గదిని దృష్టిలో పెట్టుకొని తయారుచేసిన యంత్రం అలా కృష్ణ సముద్రంలో కలిసే లంక ఊళ్ల దాకా చేరింది.

అక్కడ దానికి మొదటి శత్రువు ఉప్పు. దివిసీమలోని నాగాయలంక, కోడూరు వైపు గాలిలో సముద్రపు తుంపర ఉంటుంది. సాధారణ ఉప్పు 75 శాతం తేమ దాటగానే గాలిలోని నీటిని పీల్చుకొని తానే ద్రవంగా మారుతుంది. బోర్డు మీద కంటికి కనబడనంత ఉప్పు పేరుకున్నా, తేమ ఎక్కువైన రాత్రి అది కరెంటును పోనిచ్చే పలుచని పొర అవుతుంది. పగలు ఎండకు ఆరి, పొడి మాత్రం అలాగే నిలిచిపోతుంది. ఈ తడిపొడుల చక్రానికి ముందుగా లోబడేది మెమరీ కర్ర దిగే ర్యామ్ స్లాటు. డీడీఆర్4 ర్యామ్ కర్రకు 288 స్పర్శ బిందువులు ఉంటాయి. వాటిలో ఒక్కటి సరిగ్గా తాకకపోయినా మెమరీ పరీక్ష తప్పవచ్చు. అవార్డ్ బయోస్‌లో ఆగి ఆగి వచ్చే పొడుగు కూత, ఏఎంఐలో మూడు కూతలు ఇక్కడినుంచే పుడతాయి. ‘డిస్‌ప్లే రావడం లేదు’ అని దుకాణానికి తెచ్చిన పెట్టెలో తెర తప్పు, బోర్డు తప్పు ఏమీ లేకపోవచ్చు. ర్యామ్ తీసి మళ్లీ బిగిస్తేనే తిరగవచ్చు.

అయితే ఎలా తుడవాలన్నది ముఖ్యం. ఆ స్పర్శ బిందువుల మీద ఉండేది బంగారు పూత, మందం ఒక మైక్రాన్ కన్నా తక్కువ. దాని కింద నికెల్, ఆ కింద రాగి. పూత అరిగితే ఏమవుతుందో మచిలీపట్నం చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసేవారికి వేరే చెప్పాల్సిన పని లేదు. రాగి బయటపడిన చోట బంగారం, రాగి, ఉప్పునీరు మూడూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేసి రాగిని వేగంగా తినేస్తాయి. అందుకే పెన్సిలు రబ్బరుతో గట్టిగా రుద్దే అలవాటు మంచిది కాదు. ఆ రోజుకు యంత్రం తిరుగుతుంది గాని, రుద్దిన ప్రతిసారీ పూత కొంత పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, నూగు రాలని గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వడం మేలు. రక్షణ శాఖకు వెళ్లే ఎలక్ట్రానిక్ పరికరాలకు ఉప్పు తుంపర పరీక్ష పెడతారు, బోర్డు మీద రక్షణ పూత వేస్తారు. మచిలీపట్నంలోనే 1926 నాటి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో తీసుకున్న భారత్ ఎలక్ట్రానిక్స్ సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు తయారుచేస్తూ వచ్చింది. ఇంట్లో, కార్యాలయంలో వాడే కంప్యూటరుకు అలాంటి ఏర్పాట్లేవీ ఉండవు.

గుడివాడ సముద్రానికి దూరం. అక్కడ ఎక్కువ పట్టించుకోవలసింది ధాన్యం మిల్లుల ఊక, తవుడు దుమ్ము. అది ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కల మధ్య, హీట్‌సింక్ సందుల్లో చేరి గాలిని అడ్డుకుంటుంది. ఫ్యాన్ తిరగకపోతే ‘సీపీయూ ఫ్యాన్ ఎర్రర్’ అనే వాక్యం వస్తుంది. అవార్డ్ బయోస్ ఉన్న కొన్ని బోర్డుల్లో ఒకటి హెచ్చుగా, ఒకటి తగ్గుగా అంబులెన్సు మోతలాంటి కూత వస్తుంది. అది వేడెక్కిందన్న సూచన. వెంటనే ఆపి దుమ్ము దులపాలి.

కూతా లేక, తెరా వెలగకపోతే చూపు ముందు కరెంటు వైపు తిరగాలి. పెట్టెలోని పవర్ సప్లై, అంటే ఎస్ఎంపీఎస్, తన వోల్టేజీలు నిలకడగా అందాక, 100 నుంచి 500 మిల్లీసెకన్లలోపు ‘పవర్ గుడ్’ అనే 5 వోల్టుల సంకేతం పంపుతుంది. అది వచ్చేదాకా ప్రాసెసర్ మొదలే కాదు. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఎస్ఎంపీఎస్ బాగున్నట్టే అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. 12 వోల్టులు వచ్చి ఫ్యాన్ తిరిగినా, 5 వోల్టులు పడిపోతే సంకేతం రాదు. పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు ఉన్నాయేమో కూడా చూడాలి. ఇక్కడ ఒక మంచి పరీక్ష ఉంది: కరెంటు తీసేసి, ర్యామ్ మొత్తం ఊడదీసి, మళ్లీ ఆన్ చేయడం. మెమరీ లేదని యంత్రం కూస్తే ప్రాసెసర్, బయోస్, బోర్డు చాలావరకు పనిచేస్తున్నట్టే. అప్పుడు బోర్డు మార్చమనే సలహాకు ఆధారం లేదు. ఈ పరీక్షకు ముందు బోర్డుకు స్పీకరు తగిలించి ఉందో లేదో చూసుకోవాలి. ఇప్పటి చాలా బోర్డులు స్పీకరు లేకుండానే వస్తాయి, నాలుగు పిన్నుల చోటు మాత్రం ఉంటుంది.

‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్’, ‘ఎఫ్1 నొక్కండి’ అన్న సందేశాలు భయపెడతాయి గాని కారణం సాధారణంగా చాలా చిన్నది. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ నాటినుంచి గడియారాన్ని, సీమాస్ అనే చిన్న మెమరీలోని సెట్టింగులను కరెంటు లేనప్పుడు బ్యాటరీ కాపాడుతోంది. ఇప్పుడు ఎక్కువగా వాడేది సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల. అది అయిపోతే తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు. ఇంటర్నెట్ పోయిందని ఫిర్యాదు చేసేముందు తెర మూలన ఉన్న గడియారం చూడడం మంచిది.

డిస్కు శబ్దాన్ని మాత్రం వేరుగా చూడాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు వేస్తుంది. ఆ సన్నని రొద సహజం. టిక్, టిక్ మని ఒకే వరుసలో మళ్లీ మళ్లీ కొట్టుకుంటే రీడింగ్ హెడ్ తన ట్రాకును పట్టలేకపోతోందని అర్థం. హెడ్‌కూ పళ్లేనికీ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. ఇలాంటి డిస్కును మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడడం అందులోని లెక్కలను, ఫొటోలను పోగొట్టుకోవడమే. ‘స్మార్ట్ స్టేటస్ బ్యాడ్’ అని వచ్చినా అంతే: ముందు నకలు, తరువాతే మరమ్మతు. సాలిడ్ స్టేట్ డిస్కులో తిరిగే భాగం లేదు కాబట్టి అది పాడైనప్పుడు ఇలాంటి శబ్దం రాదు.

2005లో యూఈఎఫ్ఐ ఫోరమ్ ఏర్పడిన తరువాత పాత బయోస్ స్థానాన్ని కొత్త ఫర్మ్‌వేర్ తీసుకుంది. కూత పాత్ర చాలావరకు దీపాలకు వెళ్లింది. బోర్డు అంచున సీపీయూ, డ్రామ్ (మెమరీ), వీజీఏ (డిస్‌ప్లే), బూట్ అని నాలుగు దీపాలు వరుసగా వెలిగి ఆరతాయి. ఏది వెలిగి నిలిచిపోతే పరీక్ష అక్కడ ఆగినట్టు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో క్యాప్స్ లాక్ దీపం మిణుకులు లెక్కపెట్టాలి. మెకానిక్కులు వాడే పోస్ట్ కార్డు రెండక్షరాల కోడ్ చూపుతుంది. అది 80హెచ్ అనే పోర్టుకు యంత్రం పంపే మెట్టు సంఖ్యే.

తుపాను నీరు పెట్టెలోకి చేరితే ఈ పరీక్షలేవీ చేయకూడదు. ఉప్పునీటితో తడిసిన బోర్డులో కరెంటు పారితే రాగి గీతలు కరగడం మొదలవుతుంది. సీమాస్ బ్యాటరీ కూడా తీసేసి, బోర్డును మంచినీటితో, వీలైతే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. మిగతా రోజుల్లో మరమ్మతుకు తీసుకువెళ్లేముందు కూతను ఫోన్‌లో రికార్డు చేసుకోండి, బోర్డు మోడల్ రాసుకోండి, ఏ దీపం వెలిగి నిలిచిందో ఫొటో తీసుకోండి. ఈ మూడూ చూడకుండానే బోర్డు పోయిందని ఎవరైనా చెబితే మరో చోట చూపించండి.