తెరచాప దించేశాక...

2005 ఫిబ్రవరి 7 రాత్రి ఇంగ్లిష్ ఛానెల్ ముఖద్వారం దగ్గర ఒక పడవ గమ్యరేఖ దాటింది. అందులో ఉన్నది ఒక్కరే. ఐదడుగుల రెండంగుళాల ఎత్తు, 28 ఏళ్ల వయసు. పేరు ఎలెన్ మెకార్థర్. ఎక్కడా ఆగకుండా, ఎవరి తోడూ లేకుండా భూగోళాన్ని చుట్టి రావడానికి ఆమెకు పట్టిన సమయం 71 రోజుల 14 గంటల 18 నిమిషాల 33 సెకన్లు. అంతకు ఏడాది ముందు ఫ్రెంచి నావికుడు ఫ్రాన్సిస్ జోయోన్ నెలకొల్పిన ప్రపంచ రికార్డు కంటే ఇది ఒక రోజు ఎనిమిదిన్నర గంటలు తక్కువ. బ్రిటన్ ఆమెను 'డేమ్' బిరుదుతో గౌరవించింది. పడవ పోటీలంటే ప్రాణమిచ్చే ఫ్రాన్స్ తర్వాత లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారమిచ్చింది.

నాలుగేళ్లు తిరిగాయి. 2009 అక్టోబరులో బీబీసీ రేడియో కార్యక్రమంలో ఆమె ఇక పోటీలకు దిగనని ప్రకటించింది. అప్పటికి 33 ఏళ్లు నిండాయంతే. ఆమె బయటికొచ్చేసింది ప్రపంచం వస్తువులను తయారుచేసే తీరు మీద, వాటిని పారేసే తీరు మీద పనిచేయడానికి.

ఆటగాళ్లు పర్యావరణం గురించి మాట్లాడటం మనకు కొత్త కాదు. గ్రీన్ ఇండియా ఛాలెంజ్‌లో పి.వి.సింధు లాంటి వాళ్లు మొక్కలు నాటారు, మరికొందరికి సవాలు విసిరారు. ఆ మొక్కల్లో బతికిన ప్రతి ఒక్కటీ మేలే. మెకార్థర్ వేరే దారి పట్టింది. తన పేరుకున్న విలువను మైకు ముందుకు తీసుకెళ్లడానికి ముందు కొన్నేళ్లు కూర్చుని చదువుకుంది. ఈ కథలో ప్రపంచ రికార్డు కంటే ఆ చదువుకున్న కాలమే విలువైనది.

ఆమె పుట్టిన డెర్బీషైర్ కౌంటీకి సముద్రతీరమే లేదు. నాలుగేళ్ల వయసులో దగ్గరి బంధువు ఒకామె పడవ ఎక్కించిన రోజు నుంచి సముద్రం పిచ్చి పట్టుకుంది. బడిలో మధ్యాహ్న భోజనానికి ఇంట్లో ఇచ్చే డబ్బులో చాలామటుకు మిగుల్చుకుని, చౌకగా దొరికే ఉడకేసిన బంగాళదుంపలతో, చిక్కుడు గింజలతో కడుపు నింపుకొనేది. అలా ఏళ్ల తరబడి దాచిన పైసలతో ఎనిమిదడుగుల చిన్న పడవ కొనుక్కుంది. పశువైద్యురాలు కావాలన్నది ఆలోచన. పదిహేడేళ్లప్పుడు జ్వరంతో మంచం పట్టి, టీవీలో ప్రపంచ పడవ పందేలు చూస్తూ ఆ ఆలోచన మార్చేసుకుంది. 1995లో ఒంటరిగా బ్రిటన్‌ను చుట్టొచ్చింది. 2000-01లో ఏకాంత పోటీలన్నింటిలో కఠినమైనదిగా పేరున్న వాండే గ్లోబ్‌లో 94 రోజుల్లో రెండో స్థానం సాధించింది. 24 ఏళ్లకు ఆ పోటీ పూర్తిచేసిన వాళ్లు అప్పటిదాకా లేరు.

2004 నవంబరు 28న బయల్దేరిన రికార్డు పడవ 75 అడుగుల ట్రైమరాన్. నడుమ ఒక పెద్ద పడవ, అటూ ఇటూ సన్నటి తోడు పడవలు. అంత పొడవున్నా, మనిషి తలదాచుకునే గది మాత్రం వంగి మెలగాల్సినంత ఇరుకు. అందులోనే వంట, పడక, కంప్యూటర్లు, రేడియో. ఆ 71 రోజుల్లో నిద్రంటే చిన్న చిన్న కునుకులే. జనరేటర్ దగ్గర చెయ్యి కాలింది. అలసట ఎముకల్లోకి దిగాక, తెరచాప బిగింపు పాడైతే పడవ ఊగుతుండగానే ఎత్తైన స్తంభం పైదాకా ఎక్కి బాగుచేసుకుంది. అదీ రెండుసార్లు.

ఆ పడవలో తిండి ఇంత, డీజిల్ ఇంత అని బయల్దేరేటప్పుడే లెక్క. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రానికి కరెంటు కావాలి, కరెంటుకు డీజిల్ కావాలి. పడవను దానంతట అది నడిపించే పరికరానికీ, వాతావరణ పటాలు దింపుకొనే కంప్యూటర్‌కూ అదే డీజిల్. అయిపోతే అక్కడ దుకాణం లేదు. దక్షిణ మహాసముద్రంలో ఆపద వస్తే సాయం అందడానికి రోజులు పడుతుంది. అందుకే ఆమె ఎంత వాడిందీ, ఎంత మిగిలిందీ పద్దు రాసుకుంటూ పోయింది. కూర్చుని ఆలోచిస్తే, ఒడ్డున మనం వాడే రాగి, ఫాస్ఫేటు, ముడిచమురు కూడా ఇలాంటి పద్దే కదా అన్న సంగతి ఆ పడవలోనే తన బుర్రకెక్కిందని ఆమె పదేపదే చెబుతుంటుంది.

ఆ సముద్రాలు తెలుగువాళ్లకు మరీ దూరపువి కావు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద బయల్దేరి, ప్రపంచాన్ని చుట్టి, మరుసటి ఏడాది మే 21న తిరిగొచ్చిన ఆరుగురు మహిళా నౌకాధికారుల్లో విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య ఉన్నారు. వాళ్లూ దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్‌ను చుట్టారు. దారి పొడవునా సముద్రంలో కనిపించే కాలుష్యాన్ని గమనించి నమోదు చేయడం వాళ్లకు అప్పగించిన పనుల్లో ఒకటి. ఒడ్డుకు వేల మైళ్ల దూరంలో తేలే చెత్త గురించి చెప్పడానికి పడవలో తిరిగొచ్చినవాళ్ల కంటే తగిన సాక్షులు ఎవరుంటారు?

రికార్డు తర్వాత మెకార్థర్ అట్లాంటిక్ దక్షిణ కొసన ఉన్న సౌత్ జార్జియా దీవికి వెళ్లింది. చేపల కోసం వేసే పొడవాటి గాలపు తాళ్లకు చిక్కి చచ్చిపోతున్న ఆల్బట్రాస్ పక్షుల గురించి తెలుసుకోవడానికి వెళ్తే, ఆమె కళ్లను కట్టిపడేసింది మాత్రం తిమింగలాల వేట కేంద్రాల శిథిలాలు. 1904లో మొదలైన ఆ వేట 1965 దాకా సాగింది. అక్కడి కేంద్రాల్లో కోసిన తిమింగలాల సంఖ్య లక్షా 75 వేలు దాటింది. తిమింగలాలు కరువయ్యాక వేటా ఆగిపోయింది. నూనె మరిగించిన పీపాలు, రేవుకు కట్టేసిన పడవలు, కార్మికులు ఉన్న ఇళ్లు అన్నీ తుప్పు పడుతూ మిగిలాయి. ఒక పరిశ్రమ తన ముడిసరుకును తానే తినేసి మూతపడటం అంటే ఏమిటో ఆమెకు పుస్తకంలో కాక, ఇనుప రేకుల మీద కనిపించింది.

ఆ తర్వాత మొదలైంది ఆమె చదువు. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాన్ని చూసొచ్చింది. రైతులను, ఆర్థికవేత్తలను, ఉపాధ్యాయులను, కంపెనీల అధిపతులను కలిసింది. తన ముత్తాత బొగ్గు గని కార్మికుడు. ప్రపంచంలో బొగ్గు ఇంకో 118 ఏళ్లకు సరిపోతుందన్న అంచనా చదివినప్పుడు, ఆ ముత్తాత పుట్టి సరిగ్గా అన్నేళ్లే అయిందని లెక్క తేలింది. పదకొండేళ్లు వచ్చేదాకా ఆయన ఒళ్లో కూర్చున్న పిల్ల ఆమె. అంటే ఆ 118 ఏళ్లు ఎంత తక్కువో ఒంటికి తెలుసు. ఆయన పుట్టేనాటికి రోడ్ల మీద కార్లు ఒకటీ అరా, విమానం అసలే లేదు. ఒక మనిషి బతుకులో అంత మార్పు వచ్చినప్పుడు మళ్లీ ఎందుకు రాదన్న ధైర్యం కూడా అక్కడే దొరికింది.

తొలి రోజుల్లో ఆమె కూడా అందరిలాగే పొదుపుగా వాడుకుందాం అన్న మాట దగ్గరే ఆగింది. కొద్దికొద్దిగా వాడితే సరుకు అయిపోవడం వాయిదా పడుతుందే తప్ప ఆగదని తర్వాత గ్రహించింది. స్విట్జర్లాండ్‌కు చెందిన వాల్టర్ స్టాహెల్, జర్మన్ రసాయన శాస్త్రవేత్త మైకేల్ బ్రౌన్‌గార్ట్ లాంటి వాళ్లు అప్పటికే దశాబ్దాలుగా వేరే మార్గం చెబుతున్నారు. వస్తువును తయారుచేసే రోజునే దాని మరుజన్మ గురించి ఆలోచించాలి. పాడైన భాగం విప్పి మార్చుకోగలగాలి, లోహాలూ ప్లాస్టిక్కూ దేనికది విడిపోయి మళ్లీ కర్మాగారానికి చేరాలి, మట్టిలో కలిసేది మట్టిలోనే కలవాలి. దీన్నే వర్తుల ఆర్థిక వ్యవస్థ అంటున్నారు. ఇది ఆమె కనిపెట్టిన సిద్ధాంతం కాదు. అందరూ వినేలా చేయడం ఆమె చేసిన పని.

2010 సెప్టెంబరులో ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ మొదలైంది. కేంద్రం ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని కౌస్ పట్టణం. తొలి భాగస్వాముల్లో ఆమె పడవకు ఒకప్పుడు డబ్బు పెట్టిన బి అండ్ క్యూ ఉంది. రెనో కార్ల కంపెనీ, సిస్కో కూడా ఉన్నాయి. పారిస్ శివార్లలో షువాజీ-ల-రువాలోని రెనో కర్మాగారంలో 1949 నుంచే పాత ఇంజన్లు, గేర్‌బాక్సులు విప్పి మళ్లీ కొత్తవాటిలా తయారుచేసేవారు. ఉపన్యాసాల్లో ఆమె ఇలాంటి నిజమైన షెడ్లనే చూపిస్తుంది.

ఫౌండేషన్ పని దగ్గర నుంచి చూడాలంటే ఒక జీన్స్ ప్యాంటు చాలు. జేబు మూలల్లో రాగి రంగు రివెట్లు ఉంటాయి. పాత ప్యాంటును ముక్కలు చేసి మళ్లీ నూలు తీసేటప్పుడు ఆ లోహం అడ్డం. రివెట్లున్న భాగం కత్తిరించి పారేస్తే దాంతోపాటు మంచి గుడ్డా పోతుంది. సాగడానికి కలిపే ఎలాస్టేన్ దారం ఎక్కువైతే పత్తి దూది మళ్లీ చేతికి రాదు. అందుకే 2019లో ఫౌండేషన్ రూపొందించిన జీన్స్ మార్గదర్శకాలు రివెట్లు మానేయమని, లేదా వీలైనంత తగ్గించమని, కనీసం 30 ఉతుకులకు నిలిచేలా కుట్టమని చెప్పాయి. బట్టలకు వాడే సరుకులో ఒక్క శాతం కూడా మళ్లీ బట్టగా మారడం లేదని అంతకు రెండేళ్ల ముందే వాళ్ల నివేదిక తేల్చింది. ఒక రివెట్ గురించి ఇంత పట్టింపా అనిపించవచ్చు. కానీ చెత్తకుప్పల తలరాత ఇలాంటి చిన్న చిన్న నిర్ణయాల్లోనే ఉంది.

ఇక ప్లాస్టిక్. 2016 జనవరిలో ప్రపంచ ఆర్థిక వేదికతో కలిసి ఫౌండేషన్ విడుదల చేసిన నివేదిక ఆ వేదిక సమావేశాలు జరిగే దావోస్‌ను దాటి ఇంటింటికీ పాకింది. ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో రీసైక్లింగ్ కోసం సేకరిస్తున్నది 14 శాతమేనని, ఇలాగే సాగితే 2050కి సముద్రంలో బరువు లెక్కన చేపల కంటే ప్లాస్టిక్కే ఎక్కువుంటుందని అందులో రాశారు. చేపల అంచనాను కొందరు శాస్త్రవేత్తలు గట్టిగానే ప్రశ్నించారు. నివేదిక లేవనెత్తిన అసలు సమస్య మాత్రం అలాగే ఉంది. 2018 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమంతో కలిసి ఫౌండేషన్ ఒక ఒడంబడిక తెచ్చింది. ప్రపంచ ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో దాదాపు అయిదో వంతు తయారుచేసే, వాడే సంస్థలు సంతకాలు చేశాయి. 2025 నాటికి తమ ప్యాకింగ్ అంతా తిరిగి వాడుకునేలా, రీసైకిల్ అయ్యేలా, లేదా కుళ్లి ఎరువయ్యేలా మారుస్తామన్నాయి. ఏటా తమ లెక్కలు బయటపెడతామన్నాయి.

మాట నిలబెట్టుకున్నాయా? చాలా వరకు లేదు. అనేక కంపెనీలు 2025 గురి తప్పడం దాదాపు ఖాయమని 2022లోనే ఫౌండేషన్ తన నివేదికలో ఒప్పుకుంది. కోకా-కోలా, పెప్సికో, యూనిలీవర్ లాంటి దిగ్గజాలు తమ లక్ష్యాలను తర్వాత సడలించుకున్నాయి. కాలుష్యం చేసేవాళ్లతోనే చేయి కలిపిందన్న విమర్శ మెకార్థర్‌కు మొదటి నుంచీ ఉంది. ఆ విమర్శను కొట్టిపారేయలేం. కంపెనీలు ఫౌండేషన్ పేరు పక్కన తమ పేరు చూసుకుని మంచి పేరు తెచ్చుకున్నాయి, ప్యాకెట్లు మాత్రం మారలేదు. అయినా ఒక విషయంలో ఆమెను మెచ్చుకోక తప్పదు. ఎవరు ఎంత ప్లాస్టిక్ వాడుతున్నారో కంపెనీల చేతే చెప్పించి, ఏటేటా అచ్చువేయించింది. ఈరోజు వాళ్ల వైఫల్యాన్ని అంకెల్లో చూపించగలుగుతున్నామంటే అది ఆ లెక్కల వల్లే.

ఈ వైఫల్యం చూడటానికి కౌస్ దాకా పోనక్కర్లేదు. ఏ ఊళ్లోనైనా కిరాణా కొట్టు గుమ్మానికి దండల్లా వేలాడే షాంపూ ప్యాకెట్లు చూడండి. ఒక ప్యాకెట్‌లో పట్టే సరుకు ఒక్క తలస్నానానికి. దాని చుట్టూ ఉన్న పలచటి పొరలో ప్లాస్టిక్కు, అల్యూమినియం ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. విడదీయడం ఖర్చుతో కూడిన పని. పాత ఇనుము, అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు కొనే పాతసామాన్ల వ్యాపారి వీటిని తూకానికి తీసుకోడు. ఏరే చేతులకు కూలీ గిట్టదు. కొట్టు ముందు చించిన ప్యాకెట్ మురుగుకాలువలోకి, కాలువ నుంచి చెరువులోకి పోతుంది. కూలి డబ్బుతో సరుకు కొనే ఇల్లాలికి ఆ చిన్న ప్యాకెట్టే అందుబాటులో ఉంటుంది. తప్పు ఆమెది కాదు. ఆ పొర అలా ఉండాలని నిర్ణయించినవాళ్లదే ఆ బాధ్యత.

2016లోనే ఫౌండేషన్ భారత్ మీద విడిగా నివేదిక వెలువరించింది. నగరాలు-నిర్మాణం, వ్యవసాయం-ఆహారం, వాహనాలు అనే మూడు రంగాల్లో ఈ పద్ధతి పాటిస్తే 2050 నాటికి ఏటా 40 లక్షల కోట్ల రూపాయల లాభం ఉంటుందని, ఇప్పటి దారిలోనే పోయిన దానితో పోలిస్తే హరితగృహ వాయువులు 44 శాతం తక్కువ ఉంటాయని అంచనా వేసింది. మరమ్మతు చేసి వాడుకోవడం మన దగ్గర ఇంకా బతికే ఉందన్న గుర్తింపు అందులో ఉంది. హైదరాబాద్ కోఠి, అబిడ్స్ సందుల్లో పాత ఫోన్లు విప్పి బాగుచేసే కుర్రాళ్లకు ఈ నివేదిక సంగతి తెలియకపోవచ్చు. అందులో రాసిన పనే వాళ్లు చేస్తున్నారు.

భారత ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారు మీదే పెడుతూ నిబంధనలు తెచ్చింది. ఆ జులై 1 నుంచి కొన్నిరకాల ఒకసారి వాడి పారేసే వస్తువుల్ని నిషేధించింది. అదే ఏడాది మార్చిలో నైరోబీలో ప్రపంచ దేశాలు ప్లాస్టిక్ కాలుష్యంపై చట్టబద్ధమైన ఒప్పందం రాసుకుందామని తీర్మానించాయి. సెప్టెంబరులో మెకార్థర్ ఫౌండేషన్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కలిసి ఆ ఒప్పందం కావాలని కోరే వ్యాపార సంస్థల కూటమిని నిలబెట్టాయి. స్వచ్ఛంద హామీలతో పన్నెండేళ్లు నడిచాక, చట్టం లేకుండా పని జరగదని వాళ్లే బహిరంగంగా చెప్పడం చిన్న మార్పు కాదు. తప్పనిసరి నిబంధనలు లేనిచోట మంచి కంపెనీ ఖర్చు పెట్టుకుని వెనకబడుతుంది, చెడ్డది లాభం మూటగట్టుకుంటుంది.

2024 డిసెంబరులో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఆ ఒప్పందంపై చర్చలు తేలలేదు. 2025 ఆగస్టులో జెనీవాలోనూ ఒప్పందం కుదరలేదు. ప్లాస్టిక్ ఉత్పత్తికే హద్దు పెట్టాలని కొన్ని దేశాలు, చెత్త నిర్వహణ వరకు చాలని చమురు ఉత్పత్తి చేసే దేశాలు పట్టుబట్టాయి. ఫౌండేషన్ ఈ వాదనలో మొదటి పక్షం వైపు మాట్లాడుతోంది. ఇక పడవ రికార్డు సంగతంటారా, జోయోన్ 2008 జనవరిలోనే దాన్ని 57 రోజులకు తెచ్చి, మెకార్థర్ పేరును ఆ పట్టికలో కిందికి నెట్టాడు. దాన్ని తిరిగి గెలవడానికి ఆమె బయల్దేరలేదు. ఇప్పుడు ఆమె ముందున్నది జెనీవాలో తెగని ఆ వాదన.