'వెళ్ళలేదు' నేర్పే ఇంగ్లీషు

ఇంగ్లీషు ఉత్తరంలో ఒక్క క్రియ తప్పితే అర్థమే మారిపోతుంది. 'వుయ్ సెంట్ ది మనీ' అంటే డబ్బు పంపాము అని. 'వుయ్ సెండ్' అంటే పంపుతూ ఉంటాము అని. సొమ్ము బయలుదేరిందో లేదో అవతలివారికి తెలియదు. ఈ తేడా ఎంతటిదో మా గుమాస్తాలకు బాగా తెలుసును.

భూతకాలానికి సామాన్యంగా క్రియ చివర 'ఇ, డి' అక్షరాలు చేరుస్తాము. వ్రాత ఒకటే గాని పలుకు మూడు విధాలు: వాక్ట్, కాల్డ్, వాంటెడ్. గో–వెంట్, రైట్–రోట్, గివ్–గేవ్ వంటివి ఎక్కాల్లాగా కంఠస్థం చేయవలసినవే. అయితే ఒక సదుపాయం కలదు. మనకు వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు అని ఎన్ని రూపాలో! వారికి అందరికీ 'వెంట్' ఒక్కటే.

పిల్లలు తరచు తడబడేది 'లేదు' దగ్గర. 'డిడ్ నాట్ వెంట్' అని వ్రాస్తారు. మనము 'వెళ్ళాను లేదు' అంటామా? 'వెళ్ళలేదు' అంటాము. నేనైనా, నీవైనా, వారైనా అదే మాట. తమిళంలో 'పోగవిల్లై', కన్నడంలో 'హోగలిల్ల' కూడా అంతే. ఇంగ్లీషులోనూ కాలం బరువు 'డిడ్' మోస్తుంది, 'గో' కదలదు. ప్రశ్నకూ ఇదే సూత్రం: 'డిడ్ యు గో?'

ఏ భాష బడిలో చదివినా, మన పిల్లలకు ఈ సంగతి ఇంటి మాటతోనే చెప్పవచ్చును. ఇంట్లో తెలుగు ఇంగ్లీషుకు అడ్డుకాదు, ఆసరా.