బంగారు గనుల ఊరిలో ఒక పగలు

మా సంఘములోని నాలుగు కుటుంబాలవారము కుప్పంలో ఉదయపు రైలెక్కి బంగారపేటలో దిగాము. అక్కడ మారి మారికుప్పం బండి ఎక్కాలి. కోలారు బంగారు గనుల కోసం ఆంగ్లేయుల కాలములో వేసిన లైను ఇది. మా పెట్టెలో పదిమంది కూడ లేరు. ఎదురుగా వచ్చిన బండిలో మాత్రం కాలుపెట్ట సందులేదు.

గనిలోకి దిగవచ్చునని పిల్లలు ఎంతో ఆశపడ్డారు. తీరా వెళ్తే గేటుకు తాళం! ముందుగా విచారించకపోవడం మా పొరపాటే. లోపల ఆకాశమంత ఎత్తున ఇనుప చట్రాలు, వాటిపై తుప్పుపట్టిన పెద్ద చక్రాలు కనబడుచున్నవి. మనుషులను, రాతిని పైకి క్రిందికి చేరవేసినది అవే.

1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇక్కడ పని మొదలుపెట్టారు. ఈ గనుల కోసమే 1902లో కావేరి ఒడ్డున శివనసముద్రం నుండి కరెంటు తెచ్చారు. చాంపియన్ రీఫ్ గని లోతు 3.2 కిలోమీటర్లు. మన పొలాల్లో వెయ్యి అడుగుల బోరు వేయిస్తేనే అప్పుల పాలవుతాము. ఇది పదివేల అడుగులు దాటినది! యోబు గ్రంథము 28వ అధ్యాయము ఎన్నోసార్లు చదివినాము గాని, అది ఇంత లోతైన మాటని మాకు అప్పటివరకు తెలియదు.

గేటు దగ్గర చెట్టుక్రింద కూర్చున్న ఒక పెద్దాయన మా తెలుగు విని పలకరించారు. ఆయన తాత పలమనేరు వైపునుండి వచ్చిన కూలి.

"అడుగున బండ నిప్పులాగ కాలేది అయ్యగారూ. ఒక్కోసారి బండ పేలేది. పైన లైన్లలో ఇండ్లు అదిరేవి. ఆడోళ్లంతా పిల్లల్ని చంకనేసుకొని ఈ గేటుకాడికే పరిగెత్తుకొని వచ్చేవాళ్లు."

మధ్యమధ్య దగ్గు వచ్చి ఆగుచున్నారు. రాతి దుమ్ము, అని తనే చెప్పారు.

ఆయన చూపిన దారినే సైనైడు గుట్టలకు వెళ్ళాము. రాతిని పిండిచేసి, సైనైడు నీళ్లతో బంగారము తీసుకొని, మిగిలిన పొడిని పోసినవే ఈ బూడిదరంగు కొండలు. సినిమా చూసివచ్చిన కుర్రవాళ్లు ఫోటోలు తీసుకొనుచున్నారు. గాలి లేచినప్పుడు ఆ పొడి ప్రక్కనున్న ఇండ్లమీద పడును. మేము పిల్లలను ఎక్కనీయలేదు. మీరు వెళ్లినా ఎక్కనీయవద్దు.

తరువాత పెద్దపల్లి దగ్గర దిండ్లు పేర్చినట్టున్న రాళ్లు చూచాము. కోట్ల సంవత్సరాల క్రితం నీటిలో చల్లారిన లావా అట. పిల్లలు గనిని మరచిపోయి దానిమీదే ఆడుకున్నారు.

నూటఇరవై ఏండ్లలో ఎనిమిదివందల టన్నులకు పైగా బంగారమిచ్చిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పెద్దాయన ఇంట్లో అయితే తులము బంగారము లేదు. "మావాడు బెంగుళూరులో పనికి పోతాడు. చీకటితో పోయి చీకటితో వస్తాడు" అన్నారు.

సాయంత్రం మేము స్టేషనులో ఉండగా బెంగుళూరు బండి వచ్చినది. ఖాళీ టిఫిను క్యారియర్లతో వందలమంది దిగి, మాట్లాడే ఓపిక కూడ లేక, లైన్ల వైపు నడిచిపోయారు.