పాత సామాను తీసేటప్పుడు పసివాళ్లు జాగ్రత్త

అమెరికాలో వేసవి వచ్చిందంటే వీధి మలుపుల్లో 'గరాజ్ సేల్' అని అట్టల మీద రాసిన బోర్డులు కనిపిస్తాయి. కారు షెడ్డు ముందు బల్లలు వేసి, ఇంట్లో అక్కర్లేని బట్టలు, బొమ్మలు, గిన్నెలు తక్కువ ధరకు అమ్ముతారు. ఇక్కడ స్థిరపడిన మా వంటి తెలుగు కుటుంబాలకూ ఇది అలవాటే. పోయిన వేసవిలో మేమూ పెట్టాము. మాకు ఆరేళ్ల పాప, రెండేళ్ల బాబు. అమ్మకం ఒక్క పూటే, సర్దడానికి మాత్రం రెండు వారాలు పట్టింది.

మొదటి రోజే పొరపాటు చేశాము. పెట్టెలన్నీ ఒకేసారి హాల్లో కుమ్మరించాము. బాబు పాట పాడే గ్రీటింగ్ కార్డును చింపి, అందులోని బిళ్ల బ్యాటరీని నోటి దాకా తీసుకువెళ్లాడు. "అమ్మా, తమ్ముడు!" అని పాప అరవబట్టి సరిపోయింది.

వాచీల్లో, చిన్న రిమోట్లలో ఉండే ఈ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చి పుండు చేయగలదు. మింగినట్లు అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

ఆ రోజు నుండి పద్ధతి మార్చాము. బాబు నిద్రపోయాకే పెట్టె తెరిచాము, అదీ ఒక్కొక్కటిగా. ముందుగా మందులు, బ్యాటరీలు, నాణేలు, పిన్నులు ఏరి మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి పైన పెట్టాము. టాయిలెట్ పేపర్ చుట్ట లోపలి అట్ట గొట్టంలో పట్టే వస్తువేదీ మూడేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు. బొమ్మలన్నిటినీ అలాగే పరీక్షించాము.

పాప బొమ్మలను పాపనే ఎంచుకోమన్నాము. చెవి తెగిన కుందేలును ఇవ్వనంది. సరేనన్నాము. అడగకుండా అమ్మేస్తే పిల్లలు తరువాత ఏదీ వదలరు. అమ్మకం రోజున మాలో ఒకరు బల్ల దగ్గర, మరొకరు కేవలం పిల్లల దగ్గర ఉన్నాము. వచ్చే పోయే కార్ల మధ్య ఇది తప్పనిసరి.

షెడ్డు మూలన ఒక స్నేహితులు ఇచ్చిన పాత ఉయ్యాల మంచం ఉంది. దాని ఒక పక్క కిందికి జారుతుంది. అటువంటి వాటిలో పసిపిల్లలు ఇరుక్కుని చనిపోవడంతో 2011 జూన్ 28 నుండి అమెరికాలో వాటి అమ్మకాన్ని నిషేధించారు. గరాజ్ సేల్‌లోనూ అమ్మకూడదు. నెలలు నిండిన ఒకామె దానికి నలభై డాలర్లు ఇస్తానంది. కారణం చెప్పి, ఇవ్వలేమన్నాము. ఆ సాయంత్రమే మరలు విప్పి, మరెవరూ వాడకుండా ముక్కలు చేసి పారవేశాము. మన బిడ్డను పడుకోబెట్టని మంచంలో ఇంకొకరి బిడ్డ పడుకోవడం ఎలా?

మీరు పండుగకు సున్నాలు వేసే ముందు అటక మీది సామాను దించుతారు కదా! కూల్‌డ్రింక్ సీసాలో పోసి మరచిన కిరసనాయిలు, ఎలుకల మందు, పాత మాత్రలు అక్కడే ఉంటాయి. వాటిని ముందు తీసి, ఆ తరువాతే పిల్లలను సాయానికి పిలవండి.